నల్లమలలో ఒక రాత్రి: మన్ననూరు బస, అడవి నడక గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కల్వకుర్తి వైపు. శ్రీశైలం రోడ్డు పక్కనే పెరిగినవాణ్ని కాబట్టి, దసరా దాటిందంటే చాలు, బంధువుల నుంచి, వాళ్ల ఆఫీసు స్నేహితుల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అడవిలో ఒక రాత్రి ఉండాలె, జంతువులను చూడాలె, ఎట్ల?" అని అడుగుతారు. ప్రతి ఏడాదీ అవే ప్రశ్నలు, అవే జవాబులు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరుసగా చదవాల్సిన పనిలేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి పోవచ్చు.

## బయలుదేరాలని అనుకున్నప్పుడు

నల్లమలలో రాత్రంతా నడిచే ట్రెక్ ఉందా?

లేదు. నల్లమలలో తెలంగాణ వైపు ఉన్న అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో చీకటి పడ్డాక నడవనివ్వరు, రాత్రి సఫారీ ఉండదు, లోపల సొంతంగా టెంటు వేసుకోవడం కుదరదు. దొరికేది ఇది: మధ్యాహ్నానికి శ్రీశైలం రోడ్డు మీదున్న మన్ననూరు చేరతారు, సాయంత్రం సఫారీకి వెళ్తారు, రాత్రి అడవి అంచున అటవీ శాఖ కాటేజీలో ఉంటారు, తెల్లవారాక గైడుతో నడుస్తారు. ఇంతేనా అని ముఖం చిన్నబుచ్చుకునేవాళ్లు చాలామందే. నా అనుభవంలో మాత్రం నల్లమల రాత్రి కంటితో చూసేది కాదు, చెవితో వినేది. రాత్రి విన్నదాన్ని పొద్దున దారి మీద అడుగుల్లో చదువుకోవడమే ఈ ప్రయాణంలో అసలు రుచి. "మేం రాత్రి ట్రెక్ చేయిస్తాం" అని ఎవరైనా డబ్బులు అడిగితే నమ్మకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగుపెట్టడమే నేరం. కేసు పెడితే మిమ్మల్ని తీసుకెళ్లినవాడి మీదే కాదు, మీ మీదా పెడతారు.

ఇది రెయిన్ ఫారెస్టా? వీడియోల్లో చూసినట్టు దట్టంగా ఉంటుందా?

కాదు. నల్లమలది ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగ, వెదురు ఎక్కువ. సెప్టెంబర్‌లో పచ్చగా మూసుకుపోయిన కొండ ఫిబ్రవరి చివరికల్లా ఆకు రాల్చి లోపలిదాకా కనిపిస్తుంది. వర్షారణ్యంలో ఏడాది పొడవునా ఆకు ఉంటుంది, పైనున్న కొమ్మలు ఎండను నేలకు దిగనివ్వవు, పది అడుగుల దూరంలో ఉన్న జంతువు కూడా కనబడదు. జంతువులను చూడటమే మీ కోరికైతే ఎండు అడవే నయం. పైగా నీళ్లు తక్కువ కాబట్టి నీళ్లున్న చోటికే అన్నీ రావాలి.

నిజమైన వర్షారణ్యంలోనే రాత్రి గడపాలంటే ఎక్కడికి పోవాలి?

మన దేశంలో అయితే కేరళలోని పెరియార్ టైగర్ రిజర్వ్ చూడండి. అక్కడ 'టైగర్ ట్రైల్' పేరుతో అడవిలోనే గుడారాల్లో పడుకునే ట్రెక్ ఉంది. ఒకప్పుడు దొంగతనంగా వేటాడినవాళ్లే ఇప్పుడు గైడులుగా ముందు నడుస్తారు, తుపాకీతో గార్డు వెంట ఉంటాడు. విదేశం పోగలిగితే మలేసియాలోని తమన్ నెగారాలో 'బుంబున్' అనే మంచె లాంటి గదులుంటాయి. జంతువులు ఉప్పు నాకడానికి వచ్చే చోటుకు ఎదురుగా కట్టినవి. రాత్రంతా నిశ్శబ్దంగా కూర్చుని కిటికీలోంచి చూడాలి. రెండు చోట్లా తడి, ఉక్కపోత, జలగలు తప్పవు. మన ఎండకు అలవాటైన ఒంటికి ఆ ఉక్క వేరే రకం పరీక్ష.

పులి పక్కా కనబడ్తదా?

పక్కా అయితే కనబడదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు, దేశంలోని పులుల అడవుల్లో పెద్దవాటిలో ఒకటి. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది, కృష్ణ దాటితే ఆంధ్ర వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వ్ దీనికంటే పెద్దది. అంత చోటులో పులులు పలచగా తిరుగుతాయి. మీరు తిరిగేది రెండు మూడు గంటలు, అదీ కొన్ని దారుల్లోనే. నేను ఎన్నిసార్లు వెళ్లానో లెక్క పెట్టుకోలేదు గానీ పులి కనిపించింది రెండుసార్లే. అందులో ఒకసారి తోక మాత్రమే. చుక్కల దుప్పి, కణితి (సాంబర్), అడవిపంది, నెమలి, కొండముచ్చు చాలావరకు కనిపిస్తాయి. మనుబోతు (నీల్‌గాయ్), కొండగొర్రె (నాలుగు కొమ్ముల జింక), ఎలుగుబంటి అదృష్టం. చిరుత, రేసుకుక్కలు (అడవికుక్కలు) ఇంకా పెద్ద అదృష్టం. పులి కోసమే వచ్చేవాళ్లు సఫారీ జీపు దిగేటప్పటికి కోపంగా ఉంటారు. మిగతావి చూద్దామని వచ్చినవాళ్లు మళ్లీ వస్తారు.

ఏ నెలలో పోతే మంచిది?

హాయిగా ఉండాలంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి. జంతువులు ఎక్కువ కనిపించాలంటే మార్చి నుంచి మే మొదటి వారాలు. రెండూ ఒకేసారి దొరకవు. ఎండాకాలంలో వాగులు ఎండిపోయి, అటవీ శాఖవాళ్లు నింపే సాసర్ గుంటల (పళ్లెంలా లోతు తక్కువగా ఉండే నీటి తొట్లు) దగ్గరికి జంతువులు చేరతాయి. ఆకు రాలిపోయి చూపు దూరం పారుతుంది. కాకపోతే మీరూ మాడిపోతారు. జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు వానాకాలం విరామం, పర్యాటకులకు అడవి మూసేస్తారు. మా ఇంట్లోవాళ్లతో అయితే డిసెంబర్‌లో వెళ్తాను, ఒక్కణ్నే అయితే మార్చి చివర్లో, ఇప్పపూలు రాలే రోజుల్లో.

బుకింగ్ ఎలా? నేరుగా వెళ్తే గది దొరుకుతుందా?

అటవీ శాఖ ఆన్‌లైన్ బుకింగ్ ద్వారా ముందే చేసుకోండి. మట్టి ఇళ్లు, కాటేజీలు కొన్నే ఉంటాయి, శని ఆదివారాలు వారాల ముందే నిండిపోతాయి. వీలైతే మంగళ, బుధ, గురువారాలు ఎంచుకోండి. ప్యాకేజీలో బస, సఫారీ, నడక మూడూ కలిసి ఉన్నాయో లేదో, తిండి అందులోనే ఉందో విడిగానో చెల్లించే ముందే చదవండి. సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. అందరి ఆధార్ కార్డులు వెంట ఉంచుకోండి.

ఖర్చు ఎంత అవుతుంది?

రేట్లు మారుతుంటాయి కాబట్టి అంకె రాయడం లేదు. బుకింగ్ పేజీలో ఆ రోజు ఉన్నదే రేటు. దానికి పెట్రోలు, దారి తిండి కలుపుకోండి. గైడుకు చేతిలో కొంత పెట్టడం మర్యాద.

మేం నలుగురం ఆడవాళ్లమే వస్తున్నాం. ఇబ్బంది ఉంటుందా?

బస మన్ననూరులో, చెక్‌పోస్టు పక్కనే, సిబ్బంది ఉండే చోటే. మా అక్కలు, వాళ్ల కాలేజీ స్నేహితులు రెండుసార్లు వెళ్లొచ్చారు. చీకటి పడకముందే చేరుకోండి, బాత్రూమ్ గదికి లోపలే ఉందా అని బుకింగ్ అప్పుడే చూసుకోండి. వాళ్లు ఇబ్బంది పడింది అడవితో కాదు, పక్క గదిలో అర్ధరాత్రి దాకా పాటలు పెట్టిన గుంపుతో. అలాంటిది జరిగితే మొహమాటపడకుండా సిబ్బందికి చెప్పండి.

పిల్లల్ని, పెద్దవాళ్లను తీసుకెళ్లొచ్చా?

బసకు, సఫారీకి తీసుకెళ్లొచ్చు. పొద్దున నడక మాత్రం ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకే బాగుంటుంది. చిన్నవాళ్లు నడవలేక కాదు, ఊరుకోలేక. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు సఫారీ జీపు కుదుపులే పెద్ద సమస్య, వాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టండి. మల్లెల తీర్థం కూడా చూద్దామనుకుంటే జలపాతం దగ్గరికి దిగడానికి 350 దాకా మెట్లున్నాయని, దిగినవన్నీ మళ్లీ ఎక్కాలని ముందే చెప్పండి.

సలేశ్వరం జాతరకు రాత్రి నడిచి పోతారు కదా, అప్పుడు మేం పోవచ్చా?

సలేశ్వరం లింగమయ్య జాతర చైత్ర పౌర్ణమి రోజుల్లో ఏడాదికి ఒక్కసారే జరుగుతుంది. లోయలో జలపాతం పక్కన గుహలో స్వామి, పూజారులు చెంచులే. వెళ్లేటప్పుడు "వత్తన్నం వత్తన్నం లింగమయ్యో" అని, వచ్చేటప్పుడు "పోతన్నం పోతన్నం లింగమయ్యో" అని అరుస్తూ నడుస్తారు. మా నాయన వాళ్లు రాత్రిళ్లు కాగడాలతో నడిచిపోయేవాళ్లు. ఇటీవలి సంవత్సరాల్లో అటవీ శాఖ పగటిపూట మాత్రమే వదులుతోంది. ఇది చూడాల్సిన జాతరే, కానీ జంతువుల కోసం కాదు. వేలమంది అరుచుకుంటూ నడిచే దారికి ఏ జంతువూ రాదు. నిటారు రాళ్ల దారి, ఎండాకాలం, కాబట్టి నీళ్లు, మంచి బూట్లు ఉండాలి.

## సర్దుకునేటప్పుడు

ఏ బట్టలు వేసుకోవాలి?

మట్టిరంగు, ఆకురంగు, బూడిదరంగు. పొడవు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు. తెలుపు, ఎరుపు, మెరిసేవి వద్దు. జీన్స్ వేసుకుంటే తడిసినా, చెమట పట్టినా ఆరవు. సెంటు కొట్టుకోకండి. డిసెంబర్, జనవరిలో పీఠభూమి మీద తెల్లవారుజాము గట్టి చలి ఉంటుంది. హైదరాబాద్ చలి అనుకుని పల్చటి జాకెట్‌తో వచ్చినవాళ్లు జీపులో గజగజ వణకడం ప్రతిసారీ చూస్తుంటాను. మంకీ క్యాప్ సిగ్గుపడకుండా తెచ్చుకోండి.

ట్రెక్కింగ్ బూట్లు కొనాలా?

అవసరం లేదు. అడుగున గాడులు అరిగిపోని స్పోర్ట్స్ బూట్లు చాలు. ఎండాకాలం ఎండుటాకు మీద, గులకరాళ్ల మీద జారడమే అసలు ప్రమాదం. కొత్త బూట్లు ఆ రోజే తొడిగితే పొక్కులు. చెప్పులతో మాత్రం రాకండి. పల్లేరు కాయ గుచ్చుకుంటే తెలుస్తుంది.

సంచిలో ఏమేం ఉండాలి?

మనిషికి రెండు లీటర్ల నీళ్లు స్టీలు సీసాలో, టోపీ, టార్చ్, దోమల మందు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, రోజూ వేసుకునే మాత్రలు, ఒక జత అదనపు సాక్సులు. గడ్డి గింజలు సాక్సుల్లోకి దూరి గుచ్చుకుంటాయి కాబట్టి ఆ రెండో జత అవసరమవుతుంది. ఛార్జింగ్ పవర్ బ్యాంక్. కరెంటు పోదని ఎవరూ మాట ఇవ్వలేరు.

పెద్ద కెమెరా లేదు, ఫోన్ సరిపోతుందా?

గుర్తుకు సరిపోతుంది. కెమెరా కొనే డబ్బులో పదో వంతుకు వచ్చే బైనాక్యులర్స్ కొనుక్కోండి, 8×42 అని రాసి ఉన్నవి. ఫోన్‌లో దుప్పి చీమంత కనబడుతుంది, బైనాక్యులర్స్‌లో దాని కంటిరెప్ప కనబడుతుంది. ఫ్లాష్ ఆపేయండి. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేస్తే దాన్ని తీసుకెళ్తారు, మిమ్మల్నీ తీసుకెళ్తారు.

తిండి ఇంటి నుంచి తెచ్చుకోవచ్చా? ప్లాస్టిక్ సీసాలు ఆపేస్తారట, నిజమా?

నిజమే. రిజర్వ్‌లో ప్లాస్టిక్ మీద నిషేధం ఉంది, చెక్‌పోస్టు దగ్గర చూస్తారు. పులిహోర, సద్ద రొట్టె, పల్లీల పొడి లాంటివి స్టీలు డబ్బాలో కట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. కానీ గదిలోనే తినాలి. సఫారీలో చిప్స్ ప్యాకెట్ చప్పుడుకు దుప్పుల మంద లేచిపోవడం నా కళ్లతో చూశాను. మిగిలింది బయట పడేస్తే రాత్రి అడవిపందులు, కోతులు వస్తాయి. బసలో భోజనం కావాలంటే చేరగానే ఎంతమందో చెప్పాలి. అక్కడ వంట ఆర్డర్ లెక్కనే ఉంటుంది.

## దారిలో

మహబూబ్‌నగర్ నుంచి, నల్గొండ నుంచి ఎలా వెళ్లాలి?

మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా వచ్చి హైదరాబాద్-శ్రీశైలం హైవే ఎక్కితే డిండి, హాజీపూర్ దాటాక మన్ననూరు. నల్గొండవాళ్లు దేవరకొండ మీదుగా డిండి దగ్గర అదే రోడ్డు ఎక్కుతారు. రెండు వైపుల నుంచీ తీరిగ్గా ఆగుతూ వస్తే మూడు గంటలు వేసుకోండి. బస్సులో రావాలంటే శ్రీశైలం పోయే ఆర్టీసీ బస్సు ఎక్కి మన్ననూరులో దిగొచ్చు. శివరాత్రికి, ఉగాదికి ముందు రోజుల్లో మాత్రం ఆ బస్సుల్లో నిలబడే చోటు కూడా ఉండదు.

చెక్‌పోస్టు ఎన్నింటికి మూస్తారు?

రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మన్ననూరు దగ్గర, అవతల శ్రీశైలం వైపు దోమలపెంట దగ్గర గేట్లు వేస్తారు. రాత్రిపూట రోడ్డు దాటే జంతువులు బండ్ల కింద పడకుండా పెట్టిన నియమం ఇది. ఒకసారి శ్రీశైలం నుంచి వస్తూ దోమలపెంట గేటు దగ్గరికి 9.10కి చేరాను. బతిమాలినా వదల్లేదు. కారులోనే పడుకున్నాను. అప్పుడు తిట్టుకున్నాను గానీ, పొద్దున గేటు తీశాక మలుపు దగ్గర రోడ్డు మధ్యలో నిలబడ్డ కణితి మందను చూశాక ఆ తిట్లు వెనక్కి తీసుకున్నాను.

పెట్రోలు, ఏటీఎం, ఫోన్ సిగ్నల్ సంగతి?

పెట్రోలు, నగదు రెండూ అచ్చంపేట ప్రాంతం దాటకముందే చూసుకోండి. మన్ననూరు తర్వాత సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఇంట్లోవాళ్లకు "రేపు మధ్యాహ్నం దాకా ఫోన్ కలవకపోవచ్చు" అని ముందే చెబితే వాళ్లకు టెన్షన్ ఉండదు.

రోడ్డు పక్క కోతులకు అరటిపండ్లు పెట్టొచ్చా?

వద్దు. పుణ్యం అనుకుని పెడతారు. పండు కోసం రోడ్డు మీద కూర్చోవడం అలవాటైన కోతులే టైర్ల కింద పడుతున్నాయి.

## సాయంత్రం, రాత్రి

సఫారీ ఎక్కడ మొదలవుతుంది, సొంత బండితో పోవచ్చా?

సొంత బండి లోపలికి రానివ్వరు, అటవీ శాఖ వాహనమే. ఎక్కువమంది వెళ్లేది ఫరహాబాద్ దారి. హైవే మీద గేటు నుంచి లోపలికి పోతే కొండ అంచున వ్యూ పాయింట్ వస్తుంది. నిజాం కాలంలో అది వేట విడిది, పాత కట్టడాల ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. తుపాకులతో వచ్చిన దారిలోనే ఇప్పుడు మనం ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నాం. జీపులో గొంతు తగ్గించండి, లేచి నిలబడకండి. జంతువు కనిపిస్తే చెయ్యి చూపకుండా డ్రైవర్ భుజం తట్టండి. వ్యూ పాయింట్ దగ్గర అందరూ సెల్ఫీలు దిగుతారు. మీరు ఒక్క ఐదు నిమిషాలు కింద లోయ వైపు బైనాక్యులర్స్ తిప్పి చూడండి.

రాత్రి కాటేజీ నుంచి ఏం వినిపిస్తుంది? గుర్తుపట్టడం ఎలా?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు. నాకైతే ఇదే మొదటి ప్రశ్న కావాలి.

పొద్దుగూకుతుండగా నెమళ్లు చెట్లెక్కుతూ అరుస్తాయి. అవి సద్దుమణిగాక కీచురాళ్లు అందుకుంటాయి. తర్వాత గోలీ నేల మీద ఎగిరెగిరి ఆగినట్టు "చక్, చక్, చక్‌చక్‌చక్" అని వినిపిస్తే అది కప్పిరిగాడు అనే రాత్రిపిట్ట. తీతువు అరిస్తే చెడు జరుగుతుందని మన ఇళ్లలో భయపడతారు. అడవిలో దాని అర్థం వేరు. నేల మీద ఏదో కదిలింది, దాని గూటి దగ్గరికి ఎవరో వచ్చారు. నక్కల ఊళ ఊరి వైపు నుంచే ఎక్కువ వస్తుంది.

అసలు చెవి పెట్టాల్సింది హెచ్చరిక కేకలకు. చుక్కల దుప్పిది సన్నగా, పదునుగా "క్యూఁ". కణితిది రేకు డబ్బా మీద కొట్టినట్టు "ఢాంక్". కొండముచ్చుది గొంతులో ఏదో అడ్డుపడి దగ్గినట్టు ఉంటుంది. దుప్పి ఊరికే కూడా బెదురుతుంది. కణితి మాత్రం అనవసరంగా అరవదని చెంచు గైడులు అంటారు. అది ఆగకుండా అరుస్తూ, ఆ అరుపు కొంచెం కొంచెం జరుగుతూ పోతుంటే పులో చిరుతో నడుస్తోందని లెక్క. రంపంతో మొద్దు కోసినట్టు "ఖర్, ఖర్" అని వినబడితే చిరుత. పులి గర్జిస్తే చెప్పనక్కర్లేదు, నిశ్శబ్దమైన రాత్రి రెండు మూడు కిలోమీటర్లు వినిపిస్తుంది. మా మేనల్లుడు ఒక రాత్రి ఫోన్ పక్కన పెట్టి, కాగితం మీద టైము, దిక్కు, అరుపు రాసుకున్నాడు. పొద్దున గైడు ఆ కాగితం చూసి మమ్మల్ని అనుకున్న దారి మార్చి తీసుకెళ్లాడు.

రాత్రి గది బయట కూర్చోవచ్చా?

వరండాలో కూర్చోవచ్చు. లైటు ఆర్పి కూర్చుంటే పావుగంటకు కళ్లు చీకటికి అలవాటు పడతాయి. అమావాస్య దగ్గర్లో అయితే పాలపుంత కనిపిస్తుంది. మెట్లు దిగి కంచె వైపు పోవద్దు. టార్చ్ నేల వైపే వేయండి, చెట్ల మీదికి కాదు. టార్చ్ వెలుగుకు కళ్లు మెరిస్తే చూడటానికి బాగుంటుంది గానీ, ఆ జంతువుకు కాసేపు ఏమీ కనపడదు. మంట వేసుకోవడం వద్దు, ఎండాకాలంలో అసలే వద్దు.

మందు తాగొచ్చా, పాటలు పెట్టుకోవచ్చా?

రెండూ కుదరవు. అవి కావాలంటే హైదరాబాద్ చుట్టూ ఫామ్‌హౌస్‌లు బోలెడున్నాయి.

పాములంటే భయం. ఏం చేయాలి?

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగూ ఈ ప్రాంతంలో ఉన్నాయి. మీ ఊరి చేను గట్టు మీద ఉన్నట్టే ఇక్కడా ఉంటాయి. బూట్లు తొడిగేముందు దులపండి, మంచం నుంచి దిగేముందు టార్చ్ వేయండి, తలుపు కింద సందుకు గుడ్డ పెట్టండి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. అందుకే మంచం మీదే పడుకోండి. ఒకవేళ కాటేస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం కోసం సమయం పోగొట్టొద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, సిబ్బందికి చెప్పి, 108కి ఫోన్ చేసి అచ్చంపేట ప్రభుత్వ ఆసుపత్రికి బయల్దేరండి. మన దగ్గర వాడే విరుగుడు మందు ఈ నాలుగు పాముల విషానికీ పనిచేస్తుంది కాబట్టి పామును చంపి పట్టుకెళ్లాల్సిన పనిలేదు.

## తెల్లవారాక నడక

ఎంత దూరం నడిపిస్తారు? కష్టమా?

కొన్ని కిలోమీటర్లే, రెండు మూడు గంటలు. నడక తేలిక, నిశ్శబ్దంగా ఉండటమే కష్టం. వరుసగా ఒకరి వెనక ఒకరు నడవాలి, గైడును దాటి పోకూడదు.

దారి మీద అడుగులు చూసి ఏ జంతువో ఎలా తెలుస్తుంది?

ముందు గోళ్లు చూడండి. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి, ముద్రలో కనబడవు. కుక్క, రేసుకుక్క, దుమ్ములగొండి (హైనా) అడుగుల్లో గోళ్ల గుర్తులుంటాయి. ఎలుగుబంటి వెనక కాలు మనిషి పాదంలాగే ఉంటుంది, ముందు పొడవాటి గోళ్ల గీతలుంటాయి. మొదటిసారి చూసినవాళ్లు ఎవరో చెప్పుల్లేకుండా పోయారనుకుంటారు. దుప్పి గిట్ట కంటే కణితి గిట్ట బాగా పెద్దది. పొలం దున్నినట్టు నేల తవ్వి ఉంటే అడవిపందులు. దారికి అడ్డంగా సాలెపోగు తెగకుండా ఉంటే రాత్రి ఆ ఎత్తులో ఎవరూ పోలేదు. అడుగు మీదుగా పురుగు పాకిన సన్న గీత ఉంటే ఆ అడుగు పాతది, అంచులు పదునుగా ఉంటే తాజాది.

నల్లటి పేడలో తునికి గింజలు కనిపిస్తే ఎలుగుబంటి తిన్నదన్నమాట. వెంట్రుకలు, ఎముక ముక్కలు ఉంటే చిరుతో పులో. కొందరు ముక్కు మూసుకుంటారు. మా గైడు మాత్రం పుల్లతో కదిపి, "ఇది నిన్న రాత్రి కణితిని తిన్నది సార్" అని, ఎవరో పేపర్ చదివి చెప్పినట్టు చెప్పాడు.

ఎలుగుబంటి ఎదురైతే?

నల్లమలలో పులి కంటే జాగ్రత్తగా ఉండాల్సింది దీనితోనే. దానికి చూపు తక్కువ, మనం దగ్గరికి వచ్చేదాకా చూడదు, చూడగానే బెదిరి మీద పడుతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పచెట్ల కింద, పుట్టల దగ్గర ఉంటుంది. దూరంగా కనిపిస్తే ఆగి, నెమ్మదిగా వెనక్కి తప్పుకుని దారి వదలండి. పిల్లలు వీపు మీద ఉన్న తల్లి అయితే ఇంకా దూరం. పరుగెత్తితే దానికంటే వేగంగా పోలేరు. మీద పడితే బోర్లా పడుకుని మెడ వెనక చేతులు పెట్టుకుని ముఖం కాపాడుకోవాలి. గైడు ఉన్నప్పుడు ఇక్కడిదాకా రాదు. వాళ్లు దాని వాసన మనకంటే ముందే పసిగడతారు.

పులి ఎదురైతే?

పరుగెత్తొద్దు, వీపు చూపొద్దు, కూర్చోవద్దు. అందరూ దగ్గరగా నిలబడి గైడు చెప్పినట్టు వెనక్కి అడుగులు వేయాలి. చాలాసార్లు మీరు చూసేలోపే అది పక్కకు తప్పుకుంటుంది.

గైడులు చెంచులేనా? పెంటల్లోకి వెళ్లి ఫోటోలు తీసుకోవచ్చా?

చాలామంది చెంచులే. పెంట అంటే వాళ్ల గూడెం. అప్పాపూర్ లాంటి పెంటలు అడవి లోపల ఉన్నాయి. 1940 ప్రాంతంలో మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ ఈ అమ్రాబాద్ పీఠభూమిలోనే వాళ్ల మధ్య ఉండి అధ్యయనం చేశాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా వాళ్లను చూడటానికి వచ్చేవాళ్లకు కొదవలేదు. అందుకే అంటున్నాను, పిలవకుండా పెంటలోకి పోకండి. అది మ్యూజియం కాదు, ఇల్లు. ఫోటోకు ముందు అడగండి, వద్దంటే వదిలేయండి. పిల్లలకు చాక్లెట్లు పంచడం మానండి. గైడును పేరు పెట్టి, వయసులో పెద్దవాడైతే అన్నా అనో పెద్దాయనా అనో పిలవండి. "ఏయ్ చెంచూ" అని పిలిచిన ఒక పెద్దమనిషికి ఆ రోజంతా ఒక్క జంతువూ కనబడలేదు. గైడు చూపించలేదని నా అనుమానం.

తేనె కొనుక్కోవచ్చా?

మన్ననూరులో గిరిజన సహకార సంస్థ దుకాణం తెరిచి ఉంటే అక్కడ కొనండి. రోడ్డు పక్క సీసాల్లో అమ్మేదంతా అడవి తేనె కాదు, బెల్లం పాకం కూడా ఉంటుంది.

## ఇంటికి వచ్చాక

ఒంటి మీద దురద, చిన్న పురుగులు కనిపిస్తున్నాయి. ఏం చేయాలి?

గోమార్లు (పశువులకు పట్టి రక్తం తాగే పురుగులు) అయి ఉంటాయి. రాగానే వేడినీళ్ల స్నానం చేసి, చంకలు, నడుము, మోకాళ్ల వెనక, పిల్లలకైతే చెవుల వెనక చూడండి. అంటుకుని ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగండి. కిరోసిన్, అగ్గిపుల్ల వైద్యాలు వద్దు. బట్టలు విడిగా వేడినీళ్లలో వేయండి.

వారం తర్వాత జ్వరం వచ్చింది. అడవి వల్లేనా?

కావచ్చు, కాకపోవచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "ఫలానా తేదీన నల్లమల అడవికి వెళ్లొచ్చాను" అని చెప్పడం మర్చిపోవద్దు. మలేరియా, డెంగీ, స్క్రబ్ టైఫస్ మూడింటికీ పరీక్ష చేయిస్తారు. స్క్రబ్ టైఫస్‌లో కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉంటుంది, బట్టల కింద దాగి ఉంటుంది కాబట్టి వెతికి చూపించండి.

ఫోటోలు, వీడియోలు పెట్టొచ్చా?

పెట్టండి. కానీ పులి, చిరుత, అలుగు (పంగోలిన్), గూళ్ల ఫోటోలకు చోటు పేరు, టైము రాయొద్దు, ఫోన్‌లో లొకేషన్ ఆపేసి పంపండి. ఆ వివరాలు వేటగాళ్లకూ అందుతాయి. అలుగును పొలుసుల కోసం దొంగతనంగా అమ్ముతారు, అది ఎక్కడ కనిపించిందో గైడుకు తప్ప ఎవరికీ చెప్పొద్దు. ఫోటో కింద "నల్లమల" అని రాస్తే చాలు.